నాన్న స్వెటర్‌లో ఏడు చిల్లులు

డిసెంబరు రెండో వారంలో హైదరాబాద్‌లో చలి ఒక్కసారిగా పెరిగింది. పొద్దున్నే వాకింగుకు బయల్దేరుతూ నాన్న, "బిడ్డా, నా మెరూన్ స్వెటర్ తీసివ్వు" అన్నారు. బీరువా పై అరలో పాత నూలు చీరలో చుట్టిపెట్టిన మూట దించి, స్వెటర్ దులిపి, కిటికీ వైపు పట్టుకుని చూశాను. ఛాతీ మీద రెండు చోట్ల, మెడ పట్టీ కింద ఒకచోట అవతలి వెలుతురు కనపడింది. గుండె జారిపోయింది. నాన్నకు వేరే స్వెటర్ ఇచ్చి పంపి, దీన్ని మంచం మీద పరచి ఒక్కో అంగుళం చూసుకుంటూ లెక్కపెట్టాను. మొత్తం ఏడు చిల్లులు. నాలుగు మిరియపు గింజంతవి, రెండు శనగగింజంతవి, కుడి మోచేతి దగ్గరది మాత్రం రూపాయి బిళ్ళంత.

ఇది కొన్న స్వెటర్ కాదు. నాన్న సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసేవారు. 1979లో డెహ్రాడూన్‌కు బదిలీ అయింది. అప్పుడు నాకు మూడేళ్ళు. సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి వెళ్ళిన అమ్మకు ఆ చలి కొత్త, భాష కొత్త. అక్కడ చలికాలం మధ్యాహ్నాలు ఆడవాళ్ళందరూ డాబా మీద ఎండలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ స్వెటర్లు అల్లేవారు. పక్కింటి పహాడీ ఆవిడ అమ్మను తన పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. అందుకే అల్లిక విషయంలో అమ్మ మాటలన్నీ ఇప్పటికీ హిందీవే. సూదులు 'సలాయిలు', లూపులు 'ఫందాలు', అల్లే తీరు 'సీధా', 'ఉల్టా'. పల్టన్ బజార్‌లో ఉన్ని కొనుక్కొచ్చి, పది నంబరు సలాయిల మీద ఒక చలికాలమంతా అల్లి నాన్నకు ఇచ్చిన మొదటి స్వెటర్ ఇది. తర్వాత ఉప్పల్ ఆఫీసుకు బదిలీ అయి వచ్చేశాం. ఇక్కడ స్వెటర్ అవసరం ఏడాదికి నెలన్నరే అయినా, ఆ నెలన్నరా నాన్న దీన్నే వేసుకునేవారు.

అమ్మ చిల్లులు చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పారేయకు బిడ్డా, నువ్వు బాగు చెయ్యి. నా కళ్ళు ఆనవు" అంది. క్రోషేతో లేసులు అల్లడం తప్ప నాకు ఈ పనిలో అనుభవం లేదు. అయినా ఒప్పుకున్నాను. అక్కణ్ణించి సంక్రాంతి దాకా సాగిన పని ఇది.

మొదట సూది పట్టుకోలేదు. ఎవరు తిన్నారో తేలకుండా కుడితే మళ్ళీ తింటారు కదా. చుట్టిన చీర మడతలు విప్పి చూస్తే ఒక మూల తెల్లటి పట్టుపోగుల గొట్టం లాంటిది, బియ్యపు గింజ పొడవుంది. దాని చుట్టూ మెరూన్ రంగు ఇసుకలాంటి రవ్వలు. తర్వాత తెలిసింది, అది ఉన్ని తినే చిమ్మట పురుగు గూడు, ఆ రవ్వలు దాని రెట్టలు. ఏ రంగు ఉన్ని తింటే రెట్ట ఆ రంగులోనే ఉంటుంది.

మనం బీరువా తలుపు తీయగానే చిన్న రెక్కల పురుగు ఎగిరితే అదే బట్టలు కొరుకుతోందని చంపేస్తాం. కానీ ఆ రెక్కల చిమ్మట ఏమీ తినదు. గుడ్లు పెట్టి పోతుంది. తినేది దాని పిల్ల, అంటే లార్వా. ఉన్ని, వెంట్రుక, గోరు, పక్షి ఈక అన్నీ కెరటిన్ జాతి ప్రొటీన్లతో తయారవుతాయి. దాన్ని అరిగించుకోగల జీవులు తక్కువ, ఈ లార్వా వాటిలో ఒకటి. మనందరి ఇళ్ళలో గోడల మీద గుమ్మడి గింజలా చదునుగా, బూడిద రంగులో, అటూ ఇటూ నోరున్న చిన్న గూడు పాకుతూ కనిపిస్తుంది చూడండి, అది కూడా ఆ కుటుంబందే. సాలెగూళ్ళు, రాలిన వెంట్రుకలు తిని బతుకుతుంది, ఉన్ని దొరికితే ఉన్నీ తింటుంది. చీపురుతో దులిపేసి మర్చిపోయేదాన్ని. ఇప్పుడు కనపడితే బీరువా వెనక్కి కూడా తొంగి చూస్తున్నాను.

చిల్లులు ఎక్కడెక్కడ పడ్డాయో చూస్తే ఇంకో సంగతి అర్థమైంది. మెడ కింద, ఛాతీ మీద, ముంజేతి పట్టీ దగ్గర. చెమట అంటేవి, టీ చుక్కలు, కూర మరకలు పడేవీ అవే చోట్లు. లార్వాకు వట్టి ఉన్ని కంటే చెమట, తిండి మరక అంటిన ఉన్ని బాగా ఒంటబడుతుంది. పోయిన ఏడాది చలికాలం అయిపోయాక "పెద్దగా మాయలేదులే" అనుకుని ఉతక్కుండానే చుట్టిపెట్టింది నేనే. మోచేతి చిల్లు మాత్రం పురుగు ఒక్కదాని పని కాదు. అక్కడ ఉన్ని అప్పటికే అరిగి పల్చబడి ఉంది, పురుగు దాన్ని పూర్తి చేసింది.

మూటలో కలరా ఉండలు వేసే ఉంచాం. తీసి చూస్తే ఒక్కటీ మిగల్లేదు. అవి నెమ్మదిగా ఆవిరైపోతాయి, ఆ ఆవిరి మూసిన డబ్బాలో చిక్కగా నిలిస్తేనే పురుగును చంపుతుంది. రోజుకు పదిసార్లు తెరిచే బీరువాలో, నూలు చీర మూటలో అది నిలవదు. పైగా మా అమ్మాయి పురిటికి వచ్చి ఉంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసిపిల్లలకు ఆ నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు విరిగిపోతాయి. అలాంటి లోపం ఉందో లేదో ముందుగా మనకేం తెలుస్తుంది? అందుకని ఆ ఉండలు మళ్ళీ కొనలేదు.

పురుగునూ గుడ్లనూ చంపడానికి నేను ఫ్రీజర్‌ను నమ్ముకున్నాను. స్వెటర్‌ను మందపాటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలి పిండేసి, మూతి టేపుతో మూసి, మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచాను. ఆ చల్లదనం ఉన్ని మడతల లోపలి దాకా చేరి నిలవాలి కాబట్టి ఒకట్రెండు రోజులు చాలవు. నాన్న రోజూ ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా "ఇంకా ఎన్నాళ్ళు?" అని అడిగేవారు. ఆ రెండు వారాల్లో బీరువా మొత్తం ఖాళీ చేసి, మూలమూలలా వాక్యూమ్ పట్టి, బట్టలన్నీ ఎండలో దులిపాను. నా టెన్షన్ అంతా పట్టుచీరల గురించే. పట్టు కూడా పురుగు నుంచి వచ్చిన పోగే, ఈ లార్వా దాన్నీ వదలదు. ఒక్కో చీరా మడత విప్పి కుచ్చిళ్ళ నుంచి కొంగు దాకా చూశాను. వాటికేమీ కాలేదు.

ఈ లోపు ఫోన్‌లో ఫొటోలు పట్టుకుని పాతబస్తీలో ఒక రఫూ దుకాణానికి వెళ్ళాను. డబ్బు ఇచ్చి పని చేయించుకుందామనే వెళ్ళాను, దాచడమెందుకు. దుకాణమంటే మెట్ల కింద ఒక బల్ల, ఒక దీపం. డెబ్బై దాటిన పెద్దాయన ఒక సూట్ ప్యాంటుకు పడిన సిగరెట్ చిల్లు పూడుస్తున్నారు. ప్యాంటు లోపలి అంచు నుంచి పోగులు ఒక్కొక్కటే లాగి, ఆ పోగుతోనే చిల్లు మీద పడుగూ పేకా అల్లుతున్నారు. పని అయిపోయిన చోట ఎక్కడ చిల్లు ఉండేదో నాకు కనపడలేదు. ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాద్ రఫూగర్లు వందల ఏళ్ళనాటి కాశ్మీరీ శాలువాలను కూడా ఇలాగే బాగుచేస్తారని చదివాను కానీ, ఆ పని కళ్ళారా చూడటం అదే మొదలు.

నా ఫొటోలు చూసి ఆయన తల అడ్డంగా ఊపారు. "ఇది కపడా కాదమ్మా, బునాయి. మాది తానా బానా పని" అన్నారు. బునాయి అంటే అల్లిక. తానా బానా అంటే మన పడుగు పేక. నేసిన బట్టలో నిలువు పోగులు, అడ్డం పోగులు వేరువేరుగా ఉంటాయి. ఒకటి తెగితే అది ఒక్కటే పోతుంది. స్వెటర్ అలా కాదు. ఒకే దారం లూపులు లూపులుగా పోతుంది, ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉంటాయి. ఒకచోట తెగితే పైదీ కిందదీ వదులవుతాయి. అందుకే ఆయన దాన్ని ముట్టుకోనన్నారు. నా మొహం చూసి జాలి వేసిందేమో, కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పారు. "దారం బయట వెతక్కమ్మా, అదే బట్టలో వెతుకు" అన్నది ఒకటి. "దారాన్ని లాగొద్దు, పడుకోనివ్వాలి" అన్నది రెండోది. రెండో మాట అప్పుడు నాకు సరిగ్గా ఎక్కలేదు. మొదటి మాట కూడా వినకుండా అక్కణ్ణించి నేరుగా సికింద్రాబాద్ జనరల్ బజార్‌కు వెళ్ళాను.

అక్కడ మెరూన్ దారాలు నాలుగు రకాలు దొరికాయి. ఇంటికి తెచ్చి ఒక్కోదాని కొస కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల అంటించాను. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన నల్లటి మసి వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. నాలుగూ కరిగి గట్టి పూసలయ్యాయి. అక్రిలిక్. చలికాలం రోడ్ల పక్కన కొనే స్వెటర్లలో ఎక్కువ భాగం ఇదే, వాటిని పురుగు పెద్దగా పట్టించుకోదు కూడా. కానీ ఉన్ని స్వెటర్‌లో అక్రిలిక్ దారం కలిపితే రెండూ ఒకేలా సాగవు, ఒకేలా ముడుచుకోవు, మెరుపు కూడా వేరుగా కొట్టొస్తుంది. రంగు సంగతి సరేసరి. నలభై ఏళ్ళు ఎండా నీళ్ళూ చూసిన మెరూన్, కొత్త మెరూన్ పక్కపక్కన పెడితే అవి ఒకే రంగు అని ఎవరూ అనరు.

అప్పుడు పెద్దాయన మాట గుర్తొచ్చింది. అమ్మను అడిగాను, అదే ఉన్నితో ఇంకేమైనా అల్లావా అని. "మీ నాన్న మఫ్లర్ లేదూ?" అంది. మిగిలిన ఉన్నితో అల్లిన మఫ్లర్ అది. రెండు కొసలకూ కుచ్చులున్నాయి. ఒక్కో కుచ్చులో నాలుగు పోగులు, విప్పి చాపితే ఒక్కో పోగు జానెడున్నర. అమ్మ తనే కత్తెర తీసుకుని ఒక కొస నుంచి ఆరు కుచ్చులు తీసి నా చేతిలో పెట్టింది. అదే ఉన్ని, అదే అంగట్లోది, అన్నేళ్ళూ అదే బీరువాలో ఉంది. స్వెటర్ పక్కన పెడితే తేడా తెలియలేదు.

రెండు వారాలయ్యాక కవర్ బయటికి తీసి, వెంటనే విప్పకుండా ఒక పూట అలాగే ఉంచాను. చల్లటి ఉన్నికి గది గాలి తగిలితే తేమ పడుతుంది. కవర్ మీద పట్టిన నీళ్ళు ఆరిపోయాక విప్పాను. ఉతకడానికి ముందు ప్రతి చిల్లు చుట్టూ వదులుగా ఉన్న లూపులన్నిటి గుండా తెల్లటి నూలు దారం పోనిచ్చి వదిలేశాను. ఇది చేయకుండా నీళ్ళలో పెడితే లూపులు నిచ్చెన మెట్లలా జారుకుంటూ పోయి, మిరియమంత చిల్లు అరచేతి పొడవు అవుతుంది. చన్నీళ్ళలో ఉన్ని బట్టల లిక్విడ్ కలిపి, పది నిమిషాలు నానబెట్టి, అరచేతులతో మెల్లగా అదిమాను. మామూలు సర్ఫు వేయకూడదు. అందులో క్షారం ఎక్కువ, పైగా చాలా పౌడర్లలో ప్రొటీన్ మరకలను కరిగించే ఎంజైములు ఉంటాయి. ఉన్ని అంతా ప్రొటీనే. వేడినీళ్ళు పోసి రుద్దితే ఇంకా నష్టం. ఉన్ని పోగుకు చేప పొలుసుల్లాంటి పొలుసులుంటాయి. వేడికీ రాపిడికీ అవి ఒకదానికొకటి చిక్కుకుని బట్ట ముద్దకట్టి చిన్నదైపోతుంది, మళ్ళీ సాగదు. పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి నీరు తీసి, మంచం మీద దుప్పటి పరచి నీడలో పడుకోబెట్టి ఆరేశాను. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకు సాగిపోతుంది.

ఇక కుట్టు. సూది మొన మొద్దుగా, కన్ను పెద్దగా ఉన్నది తీసుకున్నాను. దబ్బనం అంత లావు కాదు. పదునైన సూది ఉన్ని దారాన్ని చీల్చుకుంటూ పోతుంది, మొద్దు సూది లూపు లోంచి దారి వెతుక్కుంటుంది.

మొదట మెడ కింది మిరియపు చిల్లు పట్టుకున్నాను. పగటి వెలుతురులో, కళ్ళద్దాలు పెట్టుకుని, ఒళ్ళో తెల్లటి దుప్పటి వేసుకుని చూస్తే తెలిసింది, ఆ చిన్న చిల్లులో పోయింది ఒకే ఒక్క దారం. కింది వరస లూపులు రెండు నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాయి, పై వరస లూపులు రెండు కిందికి వేలాడుతున్నాయి. మధ్యలో వాటిని కలిపే దారమే లేదు. మఫ్లర్ పోగు ఎక్కించి, చిల్లుకు నాలుగు లూపుల అవతల గట్టిగా ఉన్న చోట మొదలుపెట్టాను. స్వెటర్ ముఖం వైపు చూస్తే అల్లిక అంతా చిన్న చిన్న జడలు నిలువుగా పక్కపక్కన వేసినట్టు ఉంటుంది. ఒక్కో కుట్టు ఇంగ్లీషు 'వి' అక్షరంలా, కింద కలిసి పైన విడిపోతుంది. ఆ 'వి' కింది కొన దగ్గర సూదిని వెనక నుంచి ముందుకు తీయాలి. పై వరసలో ఉన్న 'వి' రెండు కాళ్ళ వెనక నుంచి అడ్డంగా పోనివ్వాలి. మళ్ళీ బయల్దేరిన రంధ్రంలోనే కిందికి దించాలి. అంతే, పాత కుట్టు మీద కొత్త కుట్టు అచ్చు అలాగే కూర్చుంటుంది. చిల్లు దగ్గరికి వచ్చాక కింద నోరు తెరిచిన లూపును, పైన వేలాడుతున్న లూపును అదే దారితో కలుపుతూ పోయి, అవతల మళ్ళీ నాలుగు కుట్లు వేయాలి.

మొదటి చిల్లుకు గంటా పది నిమిషాలు పట్టింది. చూడటానికి చక్కగానే ఉందనిపించింది. అమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఆమె చూడలేదు. కళ్ళు మూసుకుని బొటనవేలితో ఆ చోటు మెల్లగా తడిమింది. "ఇక్కడ గట్టిగా ఉంది బిడ్డా" అంది. నేను తడిమితే నాకేమీ తెలియలేదు. కానీ మర్నాడు స్వెటర్‌ను అటూ ఇటూ సాగదీసి చూస్తే మిగతా బట్ట అంతా సాగి, ఆ ఒక్కచోటే ముడత పడి లోపలికి గుంజుకుంది. రఫూ పెద్దాయన 'పడుకోనివ్వాలి' అన్నది దీని గురించే. చిల్లు మూయాలనే ఆత్రంలో ప్రతి కుట్టుకూ దారాన్ని కొద్దికొద్దిగా బిగించేశాను. పక్క లూపులో ఎంత దారం ఉందో కొత్త లూపులోనూ అంతే ఉండాలి. అప్పుడే అది పక్కవాటితో కలిసి సాగుతుంది. తక్కువైతే ముడత. ముడత పడ్డచోట పక్క దారాల మీద బరువు పడి, కొన్నాళ్ళకు చిల్లు పక్కనే కొత్త చిల్లు పడుతుంది.

కుట్టినదంతా విప్పేశాను. సూది కన్ను వైపు నుంచి ఒక్కో కుట్టూ వెనక్కి తీస్తే పోగు పాడవలేదు. రెండోసారి ప్రతి కుట్టు వేశాక దారాన్ని లాగకుండా, సూది మొనతో లూపును పైకి కొద్దిగా ఎత్తి, పక్కదానితో సమానంగా ఉందో లేదో చూసి ముందుకు పోయాను. ఈసారి అమ్మ వేలు ఆ చోటు దాటి ముందుకు పోయింది. "ఎక్కడ కుట్టావు?" అని అడిగింది. ఆ మాటకు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

మిగతా మూడు చిన్న చిల్లులు ఒక్కోటి పావుగంట. దారం కొసలకు ఎక్కడా ముడి వేయలేదు. ముడి ఒంటికి గుచ్చుకుంటుంది, పైగా ఉతికినప్పుడు ముందుకు తోసుకొస్తుంది. రెండంగుళాల కొస వదిలి, లోపలి వైపు కుట్ల వెనకగా వంకరటింకరగా పోనిచ్చి వదిలేస్తే ఉన్నికి ఉన్ని పట్టుకుంటుంది.

శనగగింజంత చిల్లుల్లో రెండు మూడు వరసలు పోయాయి. అక్కడ కలపడానికి పాత కుట్టే లేదు. అందుకని ముందు మామూలు తెల్ల కుట్టు దారంతో కింది లూపుల నుంచి పై లూపులకు నిలువుగా పందిరి గుంజల్లాగా పోగులు వేసుకున్నాను. వాటిని ఆధారం చేసుకుని, మఫ్లర్ పోగుతో కింది వరస నుంచి ఒక్కో లూపు అల్లుకుంటూ పైకి వచ్చాను. చివరి వరస పై లూపులకు కలిపేశాక తెల్ల దారం లాగేస్తే ఉన్ని అల్లిక మిగిలింది. చదివితే కష్టంగా అనిపిస్తుంది. చేతిలో ఉన్నప్పుడు మూడో లూపు నుంచే దారి తెలిసిపోతుంది. ఒక చిల్లు దగ్గర లూపు ఒకటి అంగుళం కిందికి జారిపోయింది. దాన్ని నా సన్న క్రోషే సూదితో ఒక్కో మెట్టూ పట్టుకుని పైకి ఎక్కించాను. ఇన్నేళ్ళ లేసుల అనుభవం అక్కడ అక్కరకొచ్చింది.

మోచేతికి మాత్రం అల్లిక వద్దనుకున్నాను. అక్కడ చేయి మడిచినప్పుడల్లా రాపిడి, చుట్టూ ఉన్న ఉన్ని కూడా పల్చబడింది. అల్లిక కంటే నేత గట్టి. పాతకాలంలో ఇలాంటి పనికి ఫ్యూజు పోయిన బల్బు లోపల పెట్టి కుట్టేవారు. ఇప్పుడు ఇళ్ళలో అలాంటి గాజు బల్బులేవీ? వంటింట్లో గుండ్రటి స్టీలు గరిటె కనపడింది. దాన్ని చేతి భాగంలోకి దూర్చితే వీపు సరిగ్గా మోచేయిలా ఉబ్బుగా నిలిచింది, కాడ పట్టుకోవడానికి వీలుగా ఉంది. గరిటె మీద బట్టను పరిచానే కానీ సాగదీయలేదు. పోగును రెండు పాయలుగా విడదీసి సన్నం చేసుకుని, చిల్లుకు చుట్టూ అర అంగుళం అవతల మంచి బట్టలో మొదలుపెట్టి నిలువు పోగులు పక్కపక్కనే వేశాను. ప్రతి వరస తిరిగే మలుపు దగ్గర చిన్న లూపు వదులుగా ఉంచాను, ఉతికితే కొత్త పోగు కొద్దిగా ముడుచుకుంటుంది కాబట్టి. తర్వాత అడ్డం పోగులు, ఒకదాని మీద నుంచి, ఒకదాని కింద నుంచి, తిరుగు వరసలో దానికి ఎదురుగా. ప్రతి నాలుగు వరసలకూ సూది మొనతో పేకను కిందికి దువ్వాను.

అది చూస్తూ నాన్న పక్కనే కూర్చున్నారు. "మా నాయన గొంగడి ఇట్లనే ఉండేది" అన్నారు. మా తాత మడికి పోయినా, వానలో బయల్దేరినా భుజాన గొంగడి ఉండేది. దక్కని గొర్రెల నల్ల ఉన్నితో కురుమలు నేసేది. ఉన్ని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద నేస్తారు. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, వెంట్రుకే. దక్కనికే ఉన్ని. తాత గొంగడికి పురుగు పట్టినట్టు నాన్నకు గుర్తు లేదట. రోజూ ఎండలో, వానలో, భుజం మీద ఉండేదానికి పురుగు ఎప్పుడు పడుతుంది? చీకట్లో, కదలకుండా, మాసిపోయి పడి ఉన్నదాన్నే అది వెతుక్కుంటుంది.

మోచేతికి రెండు సాయంత్రాలు పట్టింది. ఏడూ అయ్యాక తడిపి పిండిన నూలు గుడ్డను స్వెటర్ మీద పరచి, ఇస్త్రీపెట్టెను బట్టకు ఆనీ ఆనకుండా పట్టుకుని ఆవిరి మాత్రమే తగలనిచ్చాను. ఒత్తితే అల్లిక చదునైపోతుంది. ఆవిరికి కొత్త పోగులు కొద్దిగా ఉబ్బి పాత వాటి మధ్య సర్దుకున్నాయి. ఆరు చిల్లులు ఎక్కడున్నాయో నేనే వెతుక్కోవాలి. మోచేతిది కనపడుతుంది, జడల మధ్య చిన్న చాప ముక్కలాగా. దాన్ని దాచాలని నాకు అనిపించలేదు.

భోగి రోజు తెల్లవారుజామున నాన్న ఆ స్వెటర్ వేసుకుని మంట దగ్గర నిలబడ్డారు. నిప్పురవ్వ ఎగిరి పడుతుందేమోనని నేను వెనక్కి రమ్మంటూనే ఉన్నాను. మోచేయి రెండుసార్లు మడిచి చాచి చూసుకుని, "పట్టేయడం లేదు" అన్నారు.

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. ఈసారి అది పోయిన మర్నాడే స్వెటర్, మఫ్లర్ రెండూ ఉతికి, పూర్తిగా ఆరాక కిటికీ వెలుతురుకు పట్టుకుని మళ్ళీ అంగుళం అంగుళం చూశాను. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను. అమ్మ తృప్తి కోసం ఎండిన వేపాకు గుడ్డలో కట్టి ఒక మూల ఉంచాను కానీ, నేను నమ్ముకున్నది ఉతుకునూ డబ్బా మూతనూ. నెలకోసారి తీసి దులపాలని కేలెండర్‌లో రాసుకున్నాను. ఆరు కుచ్చుల్లో పని అయ్యాక ఐదు పోగులు మిగిలాయి. వాటిని చిన్న కాగితం పొట్లంలో మడిచి, పైన 'నాన్న స్వెటర్‌ది' అని రాసి, ఆ డబ్బాలోనే మఫ్లర్ మడతలో పెట్టాను.